రాచ్చిప్ప పియానో

మా పుప్పాలగూడ ఫ్లాట్‌లో, బాల్కనీ పక్కన ఓ చిన్న మూల ఉంది. పెళ్లయ్యాక మేం కొన్న మొదటి కర్టెన్ అక్కడే వేలాడుతోంది. దాని పక్కనే మా ఆయన లోహిత్ కీబోర్డు. ఆఫీసు పని అవగానే అక్కడ కూర్చుని బాణీలు కడతారు. పియానో అంటే పెద్ద చెక్కపెట్టె అనుకునేదాన్ని. కంప్యూటర్లోకి దించుకునే పియానోలుంటాయనీ, ఒక్కోటి ఒక్కోలా మోగుతుందనీ ఆయన చెబితేనే తెలిసింది.

"రసజ్ఞా, రెండు పియానోలు చూశాను. ఏది కొనాలో నువ్వే చెప్పు," అన్నారు ఓ ఆదివారం. నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, జడలో చిక్కుకున్న వైరు విడదీసి, కళ్లు మూసుకోమన్నారు.

ఎంత మురిసిపోయానో! కర్టెన్ రంగు అడగడం వేరు, పాట గురించి అడగడం వేరు.

ఒకే ముక్క రెండుసార్లు వాయించారు. రెండోసారి వాయిస్తూ నా భుజం మీద గడ్డం ఆనించారు.

"మొదటిది స్టీలు గిన్నె అండీ, ఠంగుమని ఊరుకుంది. రెండోది మా అమ్మ రాతి గిన్నె, రాచ్చిప్ప. పొయ్యి మీంచి దించాక కూడా అందులో పులుసు కాసేపు ఉడుకుతూనే ఉంటుంది చూడండి, అలా."

"అయితే రాచ్చిప్పే!" అని నవ్వారు.

అప్పట్నుంచి అది మా ఇద్దరి మాట. "రాచ్చిప్పా, టీ!" అని పిలిస్తే వంటింట్లో నాలో నేనే నవ్వుకునేదాన్ని.

నిన్న ఆయన స్నేహితుడు ప్రశాంత్ భోజనానికొచ్చాడు. పప్పుచారు వడ్డిస్తుంటే, "జర ఇంకింత పోయ్ వదినా. రాచ్చిప్పల చేసినవా?" అని పడీపడీ నవ్వాడు.

నా గరిటె ఆగిపోయింది. "ఆ మాట మీకెలా తెలుసు?"

"ఏందిరా లోహిత్, ఇంకా చెప్పలేదా? నీ వాయిస్ మా దోస్తుల వాట్సాప్ గ్రూపుల అందరం విన్నం వదినా. ఒక్క పియానోనే రెండుసార్లు కొడితే ఒకటి స్టీలు గిన్నె అంటివి, ఒకటి రాచ్చిప్ప అంటివి. నవ్వలేక సచ్చినం!"

లోహిత్ కంచంలోకి చూస్తూ, "ఊరికే సరదాకి... అప్పటికే ఒకటి కొనేశాను," అన్నారు.

పెరుగు కూడా వడ్డించాను. లేని తేడా విన్నందుకు నాకు సిగ్గేమీ లేదు. భుజం మీద ఆనిన ఆ వెచ్చదనాన్నే విని ఉంటాను. అప్పుడే ఆయన ఫోను నా మాటలు రికార్డు చేస్తూ ఉంది.

ఈ సాయంత్రం మళ్లీ హెడ్‌ఫోన్లు పట్టుకొచ్చారు.

"ఈసారి నిజంగా రెండున్నాయి, ఒట్టు. రేపు షార్ట్ ఫిల్మ్ వాళ్లకి ట్యూన్ ఇవ్వాలి. ఏది పెట్టాలో తేలడం లేదు. నీ చెవే దిక్కు."

కళ్లు మూసుకున్నాను. మొదటిది పలచగా వచ్చి పోయింది. రెండోది ఆగాక కూడా ఎక్కడో చెక్క లోపల సన్నగా మోగుతూనే ఉంది. ఎంత బాగుందో!

"చెప్పు, ఏది?"

హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టి, ఆయన చేతికిచ్చాను.

"రెండూ ఒకటేనండి," అన్నాను.