రెండో గ్లాసు

నాలుగు కొట్టగానే మా చెల్లి కుట్టుపని ఆపేసి, రెండు గ్లాసుల టీ పట్టుకుని డాబా మీదికి వెళ్లిపోతుంది. ఒకటి కాదు, రెండు. పావుగంట తర్వాత రెండూ ఖాళీగా కిందికి వస్తాయి. మనిషి మాత్రం ఒక్కతే దిగుతుంది. మూడు వారాలుగా ఇదే తంతు. నాకు కంటి మీద కునుకు లేదు.

మాది గౌన్లు కుట్టే కొట్టు. కత్తిరింపు నాది, చేతికుట్టు దానిది. దాని వేళ్లు పడితేనే ఏ గౌనైనా పెళ్లిగౌను అవుతుంది. అది వెళ్లిపోతే నేను కొట్టుకి తాళం వేసుకోవాల్సిందే. ఆ సంగతి పక్కకొట్టు ఆయనకి బాగా తెలుసు. ఆయనదీ కుట్టుపనే, మాకంటే పెద్ద కొట్టు. ఆయన డాబాకీ మా డాబాకీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ఆయన మా చెల్లితో నవ్వుతూ మాట్లాడాడు. నన్ను చూడగానే నవ్వు మింగేశాడు. ఏమిటి సంగతి అని అడిగితే, బాగున్నావా అన్నాడంది. బాగున్నావా అనడానికి పది నిమిషాలా? ప్రసంగం జరుగుతున్నంతసేపూ ముందు వరుసలో ఉన్న ఒకావిడ గౌను అంచు వంకర చూస్తూ కూర్చున్నాను కానీ, నా కొంప మునుగుతోందని గమనించుకోలేదు.

ఇక నిఘా మొదలుపెట్టాను. మెట్ల కింద నిలబడి చెవి ఒగ్గితే పైనుంచి చెల్లి గొంతు వినిపించేది, ఎవరినో బతిమాలుతున్నట్టు. మధ్యమధ్యలో ‘మా అక్క’ అన్న మాట. నా గురించి చాడీలు కూడానా!

శుక్రవారం వచ్చింది. మర్నాడు ఇవ్వాల్సిన పెళ్లిగౌను బొమ్మకి తొడిగి ఉంది. వీపున ఇంకా నలభై గుండీలు కుట్టాలి. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు సర్దుతున్నాను. నాలుగు కొట్టింది. చెల్లి రోజూలాగే మెట్ల దగ్గర ఆగి ఏదో అంది. నేనూ రోజూలాగే ‘ఊఁ’ అన్నాను. వెళ్లిపోయింది, నలభై గుండీలు నా మొహాన వదిలేసి! సూదులు డబ్బాలో ఊసేసి, చెప్పులు విప్పి, పిల్లిలా మెట్లెక్కాను. ఇద్దరినీ కలిపి దులిపేద్దామని.

పైన రెండు స్టూళ్లు. ఒకదాని మీద చెల్లి, కళ్లు మూసుకుని. రెండోది ఖాళీ. దాని ముందు పిట్టగోడ మీద టీ గ్లాసు. గోడ అవతల ఆరేసిన దుప్పట్లు తప్ప ఎవరూ లేరు.

“ఈ గ్లాసు ఎవరికే?” అన్నాను.

చెల్లి కళ్లు తెరిచింది. “నీకే అక్కా. రోజూ పిలిచే వస్తున్నాగా.”

మెట్ల దగ్గర ఆగి అది రోజూ టీకి రమ్మనేదట. నోటి నిండా సూదులతో నేను ఊఁ అనేదాన్నట. వస్తానేమోనని చల్లారేదాకా చూసి, పారబోయలేక తనే తాగేసేదట. ఆ మాటలన్నీ ప్రార్థనట. మా అక్కని ఒక్క పావుగంట కూర్చోబెట్టమని ప్రభువుని అడిగేదట.

కథ బాగానే ఉంది. కానీ అనుమానం అంత తేలిగ్గా వదులుతుందా? పక్కకొట్టు ఆయన సంగతి అడిగేశాను.

“పనికి రమ్మన్నాడు. రేపటికల్లా చెప్పమన్నాడు,” అంది, దాచకుండా. “వెళ్దామనే అనుకున్నా. దేవుడంతటివాడే ఆరు రోజులు లోకాన్ని చేసి, చేసింది చూసుకుని, బాగుందనుకుని ఆగాడు. మనం పదకొండేళ్లుగా కుడుతున్నాం. ఒక్క గౌనైనా తీరిగ్గా చూసుకున్నామా? పక్కనే ఉంటాను కానీ, నీ మొహం చూసి ఎన్నాళ్లయిందో అక్కా.”

నాకు ఏడుపొచ్చింది. “నేను టీకి రాలేదే. నిన్ను పట్టుకుందామని వచ్చాను.”

“ఎందుకొస్తే ఏం, వచ్చావుగా. కూర్చో.”

కూర్చుని గ్లాసు అందుకున్నాను. ఒక గుక్క తాగి చెల్లి వైపు చూశాను. టీలో చక్కెర లేదు. దానికి రెండు చెంచాలు వేయనిదే టీ గొంతు దిగదు. మా ఇంట్లో చక్కెర లేకుండా తాగేది నేనొక్కదాన్నే. మూడు వారాలుగా ఆ చేదంతా అదే మింగింది.

కింద ఎవరో తలుపు తట్టారు. పెళ్లికూతురి తల్లి గొంతు, గౌను అయిందా అని. చెల్లి లేవబోయింది.

“కూర్చోవే,” అన్నాను. “టీ అవనీ.”