కీ ఇస్తే నడిచే రైలు

ఆ నవంబరులో ఏసేపు ఒక బొమ్మ రైలును గంపలో పెట్టుకుని తిరిగినంతగా, పెళ్లీడు పిల్లకు సంబంధం వెతికే తండ్రి కూడా తిరిగి ఉండడు. మైదుకూరు దగ్గర మిషను పల్లెలో ఎద్దుల బండి తోలుకుని బతికే మనిషికి బొమ్మ రైలుతో ఏం పని అని ఊళ్లో వాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. పని ఉంది. అది వాళ్లకు చెప్పేది కాదు.

రైలంటే జానెడు పొడవు ఇనుప ఇంజను, వెనక మూడు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. ఇంజను పొట్టలో స్ప్రింగు ఉంటుంది. కీ ఇచ్చి వదిలితే అయిదారు చుట్లు తిరిగి ఆగుతుంది. మూడేళ్ల కిందట మిషను దొర కుటుంబం తట్టాబుట్టా సర్దుకుని ఇంగ్లండుకు పోతూ, పిల్లల్ని సాకిన ఆయా కదా అని ఆ రైలును రాహేలమ్మ చేతిలో పెట్టి పోయింది. రాహేలమ్మ ఏసేపు భార్య. వాళ్లకు జీవమ్మ ఒక్కతే కూతురు. రైలు వచ్చిన రోజునుంచీ ఆ పిల్ల దాన్ని విడిచిపెట్టింది లేదు.

ఆ ఏడు జులైలో జీవమ్మకు జ్వరం తగిలింది. ఎనిమిదేళ్ల పిల్ల, పన్నెండు రోజులకే మంచానికి అంటుకుపోయింది. ఆ పన్నెండో రోజు సాయంత్రం కళ్లు తెరిచి రైలు చూస్తానంది. రాహేలమ్మ పరుగున పట్టాలు తెచ్చి మంచం పక్కన పరిచి కీ ఇచ్చింది. "ఇంగా తిప్పుమా, శానాసేపు పోవల్ల" అంది పిల్ల. ఇంకా తిప్పింది. కీ బిగుసుకుపోయింది. కింద పెట్టి వదిలితే ఇంజను కదల్లేదు. వేలితో తోసింది, అయినా కదల్లేదు. "రైలు ఎందుకు పోలేదుమా?" అని అడిగింది జీవమ్మ. తెల్లవారితే పిల్ల లేదు.

మట్టి చేసి వచ్చిన రోజు రాహేలమ్మ ఏసేపుతో ఒక మాట అంది. "నేనే ఎక్కువ తిప్పి ఇరగ్గొడితిని. బిడ్డ కడాన అడిగింది అదొక్కటే. అదీ నా చేత్తోనే చెడగొట్టుకుంటి." అంతే, ఆ తర్వాత అన్నం తిను, ఎడ్లకు నీళ్లు పెట్టు అనే మాటలు తప్ప ఆమె నోట ఇంకో మాట రాలేదు. పాదిరి వచ్చి ప్రార్థన చేసి పోయాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చుని పోయారు. కీ తిప్పిన కుడిచెయ్యిని ఒళ్లో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తూ కూర్చునేది రాహేలమ్మ.

ఇక ఏసేపు సంగతి. అతనికి ఏడుపే రాలేదు. గొయ్యి పూడ్చిననాడూ రాలేదు, తర్వాతా రాలేదు. కూడు తింటే రుచి తెలియదు, ఎండలో నిలబడితే ఎండ తెలియదు. ఎడ్లకు దారి తెలుసు కాబట్టి రోజూ ఇల్లు చేరుతున్నాడు. గుండె రాయి చేసుకున్నాడని జనం మెచ్చుకున్నారు. పాపం, చేసుకోవడానికి అతను చేసిందేమీ లేదు. అదే అలా అయిపోయింది. అయితే ఒక్క విషయం మాత్రం అతని మొద్దుబారిన బుర్రలోకి కూడా ఎక్కింది. ఇలాగే ఉంటే రాహేలమ్మ కూడా దక్కదు. రైలు చెడింది ఆమె చేతివల్ల కాదని, ఇనుము సంగతి తెలిసినవాడెవడైనా ఒక్క మాట చెప్పాలి. ఆ మాట తేవడానికే అతను గంప ఎత్తుకున్నాడు. రైలు నడిచినా సరే, నడవకపోయినా సరే.

ముందు పల్లెలోనే కమ్మరి శేషన్న దగ్గరికి పోయాడు. శేషన్న ఇంజనును అటూ ఇటూ తిప్పి చూసి, "నాగలి కర్రు తే, గొడ్డలి తే, చేస్తా. ఇది దొరల బొమ్మ, నా సుత్తి తగిల్తే పొడి పొడి అయితాది" అని చేతులెత్తేశాడు. మైదుకూరు సైకిలు అంగడివాడు అలా చేతులెత్తేసే రకం కాదు. అన్నీ వచ్చనే రకం. పట్టకారుతో లాగి ఒక చక్రం వంకర చేసి, "మద్రాసు సరుకప్పా, ఈడ కాదు" అన్నాడు. కడప పోతే గడియారాల ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని మరీ చూసి, ఇది గడియారం కాదని తేల్చాడు. ఆ సంగతి ఏసేపుకు ముందే తెలుసు. అక్కడే ఫ్యాన్సీ సామాన్ల శెట్టి, పాతది బాగుచేయించడం దండగ, కొత్త తగరం రైలు ఉంది తీసుకోమని అంటగట్టబోయాడు. ఎవరేమన్నా ఏసేపుకు కోపం రాలేదు, విసుగూ రాలేదు. గంప భుజానికెత్తుకుని బస్సెక్కి వచ్చేవాడు.

చివరికి బడిపంతులు దావీదురాజు దారి చూపాడు. కర్నూల్లో చదువుకున్న మనిషి. "పాతబస్తీలో పీరా సాహెబని ఉండాడు. గ్రామఫోన్లు బాగుచేస్తాడు. నవాబుల ఇండ్లల్లో బొమ్మలు గూడా ఆయనే చూస్తాడంట. ఆ అంగట్లో రైళ్లు నేను కండ్లారా చూసినా" అన్నాడు.

ఏసేపు కర్నూలు బస్సెక్కాడు. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కొత్తలో కర్నూలు కిటకిటలాడుతోంది. సర్కారు కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఎవర్ని చూసినా చేతిలో కాగితాలే. పీరా సాహెబు అంగడి మాత్రం ఒక సందులో, ఆ సందడి తన చెవిన పడనట్టు ఉంది. లోపల గోడకు గ్రామఫోను గొట్టాలు వేలాడుతున్నాయి. అద్దాల బీరువాలో నిజంగానే రైళ్లున్నాయి, ఎర్రవి, నల్లవి, పెట్టెలు లేని ఒంటి ఇంజన్లు. బల్ల మీద మేకులతో బిగించిన పట్టాలు. జీవమ్మ చూసి ఉంటే ఆ అంగడి గడప దిగేది కాదు అనుకున్నాడు ఏసేపు. అనుకున్నాడే గానీ, ఆ మాట లోపల ఎక్కడా తగల్లేదు.

పీరా సాహెబు అరవై ఏళ్ల బక్కపలచని మనిషి. ఇంజను బయటికి తీయకముందే ఏసేపు నోరు తెరిచాడు. "సామీ, ఇది బాగుపడినా పడకపోయినా నాకు ఒక మాట చెప్పల్ల. ఎక్కువ తిప్పినందుకు చెడిందా, తానంతట తానే చెడిందా? తానే చెడిందని చెప్తే మేలు."

"ముందు చూడనీ భాయ్" అని నవ్వి, ఆయన నాలుగు మరలు విప్పి పైతొడుగు తీశాడు. స్ప్రింగును మెల్లగా వదులు చేశాడు. సన్నటి పుల్లతో పళ్లచక్రాల సందుల్లో గీకి, పుల్లకు అంటిన నల్లటి జిగురును వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"స్ప్రింగు తెగలేదు. ఇంతకు రెండింతలు తిప్పినా తెగదు, గట్టి సరుకు. తిప్పినోళ్ల తప్పేం లేదు" అన్నాడు. ఏసేపు ఇంత దూరం వచ్చిందే ఆ మాట కోసం. అది మూట కట్టుకుని వెళ్లిపోయి ఉంటే సరిపోయేది. కానీ పీరా సాహెబు ఆపలేదు. "ఎవడో దీంట్లో ఆముదం పోసినాడు భాయ్. బండి ఇరుసుకు పోసినట్టు పోసినాడు. దుమ్మంతా దానికి పట్టి బంకైపోయి చక్రాలన్నీ అతుక్కున్యాయి. దీనికి ఒక్క చుక్క, అదీ సన్న నూనె వెయ్యల్ల. ఎవడు చేసిన పని ఇది?"

ఎవడు చేశాడో ఏసేపుకు తెలుసు. జూన్ నెలలో, జ్వరానికి ముందు, వాకిట్లో బండి ఇరుసులకు ఆముదం పెడుతుంటే జీవమ్మ ఇంజను పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "నా రైలు కీచుమంటాంది నాయినా, దీనికీ పెట్టు" అంది. తాత నాటినుంచీ వాళ్ల ఇంట్లో తిరిగే చక్రానికి ఆముదమే పెట్టారు. ఇంకొకటి పెట్టాలని ఎవరికీ తోచదు. కోడి ఈక ముంచి, కూతురి వస్తువు కదా అని కాస్త ఎక్కువే పెట్టాడు. రైలు కీచుమనడం మానింది. పిల్ల అతని మెడ కావలించుకుంది.

పీరా సాహెబు కిరసనాయిలుతో చక్రాలన్నీ కడిగాడు. వంకర చక్రాన్ని సరిచేసి, చుక్క నూనె వేసి, కీ ఇచ్చి బల్ల మీది పట్టాల మీద వదిలాడు. ఇంజను చకచకా తిరిగింది. ఏసేపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇదే కొలతకు ఇంకో రెండు పెట్టెలుండాయి. తీసుకోరాదూ, పిల్లోళ్లు సంతోషపడతారు" అన్నాడు పీరా సాహెబు.

"పిల్లోళ్లు లేరు సామీ" అన్నాడు ఏసేపు. అడిగిన కూలి ఇచ్చి, గంప ఎత్తుకుని బయటికి వచ్చాడు.

బస్సులో కూర్చుని ఆలోచించుకున్నాడు. స్ప్రింగు తెగలేదు, నీ చేతి తప్పు లేదు అంటే రాహేలమ్మకు చాలు. ఎందుకు ఆగిందంటే తుప్పు అని చెప్పొచ్చు. ఇనుమన్నాక తుప్పు పడుతుంది, ఎవరూ కాదనరు. మైదుకూరులో దిగేసరికి ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంది.

ఇంటికి చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. రాహేలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఏసేపు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పీరా సాహెబు చూసినాడు. స్ప్రింగు తెగలేదంట. నువ్వు తిప్పినందుకు కాదు రాహేలూ. ఇంగా రెండింతలు తిప్పినా ఏం కాదంట."

రాహేలమ్మ తన కుడిచేతిని చూసుకుంది. తర్వాత తల ఎత్తి అతన్ని చూసింది. నాలుగు నెలల తర్వాత మొగుణ్ని సరిగ్గా చూడడం అదే. "మరి ఎందుకు పోలేదు?" అంది.

జీవమ్మ అడిగిన మాటే అది. ఏసేపు తుప్పు అని చెప్పబోయాడు. మాట బయటికి రాలేదు.

"నేను ఆముదం పెడితిని" అన్నాడు. "జూన్‌లో. బిడ్డ పెట్టమనింది. ఇరుసుకు పెట్టినట్టు పెడితిని. అది బంకైపోయి పట్టేసింది. నేనే, రాహేలూ."

రాహేలమ్మ ఒక్కసారిగా లేచింది. "ఆముదమా! దొరలిచ్చిన దానికి ఆముదం పెడితివా, నీ చేతులు పడిపోనూ!" అని కేక పెట్టింది. ఆ కేకకు పక్కింటి ఓబులమ్మ పరుగున వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. రాహేలమ్మ గొంతు నాలుగు నెలలు మూసుకుపోయి, ఇప్పుడు తెరుచుకుంది. అతన్ని తిట్టింది, అతని ఎడ్లను తిట్టింది, బండిని తిట్టింది. "బిడ్డ చూస్తాననింది గదరా! ఒక్కసారి చూసి పోతానంటే చూడనీకపోతివి గదరా!" అంటూ రెండు చేతులా, ఆ కుడిచేతితో కూడా, అతని భుజాల మీద బాదింది.

ఏసేపు తప్పించుకోలేదు. మొదటి దెబ్బ పడ్డట్టే తెలియలేదు, రెండోది తెలిసింది. మూడోది పడేసరికి, గొయ్యి పూడ్చిననాడు రాని ఏడుపు అతనికి వచ్చింది. వాకిట్లో, ఓబులమ్మ చూస్తుండగానే, నోరు తెరిచి ఏడ్చాడు. రాహేలమ్మ కొడుతూనే ఉంది.