పడకగదిలో దొడ్డి

బిక్షం కూతురు పడకగదిలో ఎలుకలను పెంచుతోందని, వాటిని ఒళ్లో పడుకోబెట్టుకుని ముచ్చట్లు చెబుతోందని, ఆ పిల్లకు ఇక పెళ్లీ పెటాకులూ లేనట్టేనని పై అంతస్తు అనసూయమ్మ అన్నదట. ఎవరితో అన్నదంటే పక్కింటి హనీఫాతో. హనీఫా కడుపులో మాట ఎంతసేపు ఆగుతుంది? నల్లా నీళ్లు వచ్చే వేళకు బిందె చంకన పెట్టుకుని వచ్చి బిక్షం భార్య విజయమ్మ చెవిన వేసింది. వేసి, "నేనైతే గిట్ల అనలే అక్కా. ఆమె అన్నది చెప్తున్న, గంతే" అని చేతులు దులుపుకుంది.

విజయమ్మ బిందె నల్లా కిందనే వదిలేసి ఇంట్లోకి వచ్చి, గడపలో కూర్చుని కొడవలి నూరుకుంటున్న మొగుడికి అంతా అప్పజెప్పింది.

"ఎలుకలంటదా?" అన్నాడు బిక్షం. "ఎలుకకు తోకుంటది. వీటికి తోకేదే?"

"తోక సంగతి పక్కన పెట్టు. వాసనొస్తున్నదంట. ఆదివారం దాక చూస్తదంట. అప్పటికీ తియ్యకుంటే ఆమెనే దిగొచ్చి బయట పారేస్తదంట. ఇల్లు ఆమెది, అంటది మరి."

బిక్షం కొడవలి పదును బొటనవేలితో చూసుకున్నాడు. వాసన వస్తున్న మాట నిజమే. వానాకాలం. మౌలాలి గుట్ట మీద మబ్బు దిగిందంటే ఈ సందులో గుడ్డ ఆరదు, గోడ ఆరదు. వాటిని ఉంచిన చెక్కపెట్టెలో పరిచిన రంపపు పొట్టు పొద్దున మారిస్తే సాయంత్రానికి ముద్దవుతోంది.

అనసూయమ్మ ఎలుకలన్న ఆ రెండు గినీ పిగ్గులూ ఇంట్లోకి వచ్చిన దారి వేరే. హిమజ డిగ్రీ చదివి, ఊరవతల ఒక మందుల కంపెనీలో జంతువుల షెడ్డులో పనికి కుదిరింది. మేత వేయాలి, నీళ్లు పెట్టాలి, తూకం చూడాలి. వాటి మీద మందు పరీక్ష పూర్తయితే వాటి పనీ పూర్తయినట్టే. అంతకు మించి ఆమె ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. ఆషాఢంలో ఒక సాయంత్రం తడిసి వచ్చి, అన్నం సంచిలోంచి తెల్లటి గినీ పిగ్గులను రెంటిని తీసి మంచం మీద వదిలింది. మర్నాడు పనికి పోలేదు. ఆ తర్వాతా పోలేదు. మోగే ఫోను నోరు నొక్కి బీరువాలో పడేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమైందే అని తల్లి ఏడ్చి అడిగింది, తండ్రి కసిరి అడిగాడు. గోడకు చెప్పుకుందేమో కానీ వాళ్లకు చెప్పలేదు.

అయితే ఒకటి. గడ్డి సంచి చప్పుడైతే చాలు, ఆ బుడిపె జీవాలు రెండూ ముందుకాళ్లు ఎత్తి వీక్ వీక్ అని ఇల్లు పీకి పందిరేసేవి. ఆ అరుపుకు హిమజ లేచేది. లేచినందుకు ముఖం కడిగేది. ముఖం కడిగినందుకు విజయమ్మ కంచం తెచ్చి ముందు పెట్టేది. చదువుకున్నవాళ్లు ఏమంటారో గానీ, బిక్షానికి అర్థమైన లెక్క ఇంతే: అవి తింటేనే తన బిడ్డ తింటుంది. అవి పోతే బిడ్డ మళ్లీ మంచం దిగదు.

అందుకే ఆ మేత సంగతి తనే నెత్తిన వేసుకున్నాడు. ఆలేరు అవతల కురుమ ఇంట్లో పుట్టి, గొర్ల వెంట పెరిగి, ఆ తర్వాత రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. పట్టాల పక్కన మోకాలెత్తు గడ్డి ఉన్నా ముట్టేవాడు కాదు. అక్కడ కలుపు మందు కొడతారని అతనికి తెలుసు. మిలిటరీ వాళ్ల గోడ పొడవునా నడిచి గరిక కోసుకొచ్చి, తడి గడ్డి తింటే పొట్ట ఉబ్బుతుందని నీడన ఆరబెట్టి మరీ వేసేవాడు. వాటి మీద అతనికి పుట్టిన పావురం, ఆ ప్రేమ, అంతటిది.

ఒకనాడు పెట్టె శుభ్రం చేస్తూ హిమజ రెంటినీ చేతుల్లోకి తీసుకుని తికమక పడింది. కంపెనీలో ఒకదాని వీపున గుర్తుకు వేసిన పసుపు మరక వెలిసిపోయింది. రెండూ దూది ఉండల్లా ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న బిక్షం, "ఎడమ చేతుల ఉన్నది మరకది. దాని చెవి కొస జెర మడత. ఇంకోదాని మూతి కోలగుంటది" అన్నాడు.

హిమజ తలెత్తింది. "నీకెట్ల ఎర్కనే నాయినా?"

"గొర్లన్ని ఒక్క తీర్గనే ఉంటయంటరు బిడ్డా చూడరానోళ్లు. మా నాయిన మందల నడుమ నిలబడి, ఏది రాలేదో మొకాలు చూసి చెప్పెటోడు."

"అయితే నువ్వు వీటి మొకాలు చూస్తున్నవా?"

"మరి నీ మొకం గోడ దిక్కు ఉండె. ఎవల మొకం చూడాలె?"

ఆమె మూతి ఒక మూల కొంచెం కదిలింది. నవ్వు కాదు కానీ, నవ్వు ఆ దారిన పోయి చాలా కాలమైందని గుర్తు చేసేంత. బిక్షం ఆ రోజంతా ఊరికే ఇంట్లోకీ బయటికీ తిరిగాడు.

అనసూయమ్మ మాట హిమజ చెవిలోనూ పడింది. తలుపు వేసుకుని ఏడుస్తుందనుకుంటే, శనివారం మధ్యాహ్నం తల దువ్వుకుని బయటికి వచ్చింది. "అమ్మా, మోండా మార్కెట్ కాడ పిట్టలమ్మే దుకాణం ఉంటది. అడుగున ట్రే ఉన్న పంజరం తెచ్చుకుంటే వాసన రాదు. వస్తవా?" అంది. విజయమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా, కాళ్ల ముందరే ఉన్న చెప్పులను మంచం కింద వెతికింది. తల్లీకూతుళ్లు ఆటో ఎక్కి పోయారు.

ఇంట్లో బిక్షం ఒక్కడే మిగిలాడు. పంజరం వస్తే రేపటి వాసన పోతుంది సరే, గోడలకు పట్టిన వాసన మాటేమిటి? అనసూయమ్మ ముక్కు రేపు పొద్దున్నే దిగివస్తుంది. బిడ్డ తన వంతు పనికి కదిలింది, తాను చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎట్లా?

వానాకాలంలో వాళ్ల గొర్ల దొడ్డిలో పొద్దుగూకితే పొగ వేసేవారు. పిడకల నిప్పు మీద పచ్చి వేపాకు. దోమలు పోయేవి, ఉచ్చ కంపు పోయేది, జీవాల ముక్కు చీముడు కూడా తగ్గేదని తండ్రి అనేవాడు. గొర్లు వాటంతట అవే వచ్చి పొగకు మొహం పెట్టి నిలబడేవి. అది గుర్తొచ్చేసరికి బిక్షానికి ఒంట్లో హుషారు పుట్టింది. సందు చివర వేపకొమ్మ వంచి ఆకు దూసుకొచ్చాడు. పాత బాండీలో బొగ్గులు రాజేసి, కొబ్బరి పీచు పరిచి, పైన ఆకు కుక్కాడు. తెల్లటి పొగ దట్టంగా లేచింది. జాగ్రత్త గల మనిషి. బాండీని మంచానికీ పెట్టెకూ దూరంగా పెట్టి, పక్కన బకెట్ నిండా నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

కిటికీ సరిగ్గా అనసూయమ్మ బాల్కనీ కింద ఉంది. ఆమె చీరలు అక్కడే ఆరేసి ఉన్నాయి. పొగ పైకి పోయిందంటే ఆదివారం దాకా కూడా ఆగదు. బిక్షం కిటికీ మూసి, సందులో తువ్వాలు కుక్కాడు. పొగ గోడలకు బాగా పట్టాలని తలుపు కూడా దగ్గరికి లాగి, వచ్చి వాకిట్లో మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

కాసేపటికి లోపల వీక్ వీక్ మని అరిచాయి. గడ్డి కోసం అరిచే అరుపే అనుకున్నాడు. "వస్తున్నర్రా, జెర ఆగుండ్రి. మీ అమ్మ మీకు మేడ తెస్తది" అని కూర్చున్నచోటి నుంచే బదులు చెప్పాడు. ఇంకా గట్టిగా అరిచాయి. తర్వాత మానేశాయి. పండుకున్నట్టున్నాయి, పండుకోనీ అనుకున్నాడు.

ఆటో సందు మొదట్లోనే ఆగింది. పంజరం రెండు చేతులా పట్టుకుని హిమజ నడిచి వస్తోంది. హనీఫా తన గుమ్మంలోంచి, "ఏందమ్మా, చిలుకను తెచ్చినవా?" అంది.

"కాదాంటీ, మా ఎలుకలకు కొత్తిల్లు. మీరు సుత వచ్చి చూడుండ్రి. పైనామెకు మంచిగ చెప్పొచ్చు" అంది హిమజ.

హనీఫా నాలుక కరుచుకుని, అంతలోనే ఫక్కున నవ్వి, నిజంగానే వెంట వచ్చింది. ఆ నవ్వులు వింటూ బిక్షం మెట్టు మీద పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

హిమజ తలుపు తోసింది. పొగ ముఖాన కొట్టింది. దగ్గుతూ లోపలికి దూకి, తువ్వాలు పీకి కిటికీ తెరిచింది. రెండూ పెట్టె మూలన, చెక్కల సందులో మూతులు దూర్చి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

బిక్షం ఆమెను నెట్టుకుని వచ్చి ఒకదాన్ని అందుకున్నాడు. ఈనగానే ఊపిరి తీయని గొర్రెపిల్లను ఊపినట్టు వెనక కాళ్లు పట్టి ఊపాడు. ముక్కులోకి ఊదాడు. రెండోదాన్నీ అట్లాగే చేశాడు. ఆ మెత్తటి శరీరాలు అతను ఎటు ఊపితే అటు ఊగాయి.

"దొడ్డిల పొగకు ఎదురొచ్చి నిలబడేటియి..." అన్నాడు. దొడ్డికి చుట్టూ కంప తప్ప గోడ లేదన్న సంగతి అప్పుడు తట్టింది అతనికి.

పైనుంచి అనసూయమ్మ, "ఏందా పొగ? ఇల్లు కాలబెడుతున్నరా ఏంది?" అని కేక వేసింది.

హనీఫాకు జాలేసింది. "గడ్డిల ఏమన్న ఉండెనేమో అన్నా. పట్టాల పొంటి మందు కొడ్తరంట గద" అని ఒక దారి చూపించింది.

ఆ దారి బిక్షానికి ఎంత చల్లగా కనిపించిందో చెప్పలేం. ఒక్క మాట ఊఁ అంటే చాలు. హిమజ అతని ముఖం వైపే చూస్తోంది.

"గడ్డి మంచిదే అమ్మా," అన్నాడు. "చేసింది నేను."

విజయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. హిమజ తండ్రి చేతుల్లోంచి రెంటినీ తీసుకుని పాత దుపట్టాలో చుట్టింది. చుట్టి మంచం మీద పెట్టుకుని, తను కూడా పక్కన ఒరిగి గోడ వైపు తిరిగింది.

బిక్షం మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "బిడ్డా, రేపు పొద్దుగాలనే మోండాకు పోత. గిసొంటియే, తెల్లయే, రెండు ఎట్లన్న జేసి దొరకబట్టుకొస్త. నేనే చూస్కుంట. నువ్వు ఒక్కసారి ఇటు తిరుగు బిడ్డా."

ఆమె తిరగలేదు.

"తేకు నాయినా. వాటిని సుత గింతే పావురంగ చూస్కుంటవ్ నువ్వు."