పంటెక్కిన సుందరి

సుందరిని గోదావరి దాటించెయ్యాలని ఇంట్లో నిర్ణయం అయిపోయింది. సుందరంటే పెళ్ళికూతురనుకునేరు, గుర్రం! తొంభైయారు తుఫాను వెళ్ళిన మరుసటేడు, పాలకొల్లులో ఆడిన సర్కసువాళ్ళు గుడారం ఎత్తేస్తూ దాన్ని వదిలించుకున్నారు. నరసాపురం సత్యప్రసాద్ తన కొబ్బరితోట చుట్టూ దొరలా తిరుగుదామని మోజుపడి తోలుకొచ్చాడు. తిరిగాడా? ఒక్కనాడు తిరగలేదు. వచ్చిన వారానికే కుడి ముందుకాలు కుంటిదని తేలింది. పశువుల డాక్టరుగారు కాలు పట్టి చూసి, "కీలు అరిగిపోయిందండి, ఇంక నయం కాదు. మనిషిని మాత్రం ఎక్కించకండి" అన్నారు.

కాలి సంగతి అలా ఉంటే గుండె మరీ పిరికిది. కుక్కరు కూతేస్తే వణుకు. కొబ్బరికాయ రాలితే వణుకు. ఆరేసిన పంచె గాలికెగిరితే తడిక విరగ్గొట్టుకుని పరుగు, ఆ పరుగులోనూ కుంటుడే! సత్యప్రసాద్ భార్య శ్యామలాంబ చేతిలో పని వదిలేసి, "ఓసి నా తల్లీ, పంచెకి భయమేంటే!" అంటూ వెంటపడేది. ఆవిడ వచ్చి మెడ నిమిరితే తప్ప దానికి దడ తగ్గేది కాదు. ఈ వేడుక చూడటానికి వీధివాళ్ళంతా అరుగులెక్కి కూర్చునేవారు.

వాళ్ళ నవ్వులు పడలేక సత్యప్రసాద్ ఓ దారి వెతికాడు. అవతలి ఒడ్డున, అంతర్వేది సముద్రం దగ్గర పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పే దొరబాబుకి దాన్ని ఇచ్చేస్తానన్నాడు.

"కుంటిదని చెప్పారా?" అంది శ్యామలాంబ.

"చెప్పాన్లే. ఇసక కదా, మెత్తగా ఉంటుందన్నాడు."

ఆవిడ సరేనంది. అంది గానీ, ప్రయాణంనాటి పొద్దున దానికి బెల్లంముక్క పెట్టబోయి దిమ్మ మొత్తం పెట్టేసింది.

ఇక రేవులో చూడాలి తమాషా! జనమూ స్కూటర్లూ చేపలగంపలూ అన్నీ ఎక్కి ఏరు దాటే పంటు అది, ఇంజను బిగించిన పెద్ద బల్లకట్టు. సుందరి మాత్రం ససేమిరా అంది. సత్యప్రసాద్ పగ్గం పట్టుకుని లాగీ లాగీ బురదలో కూలబడ్డాడు. పంటు మీది జనానికి పండగే పండగ.

"కళ్ళకి తువ్వాలు కట్టండి బాబూ!"

"గుర్రానికి కాదెహె, ఆయనకి కట్టండి!"

పంటు నడిపే గంగయ్య నవ్వాపుకుంటూ, "మీరెక్కండమ్మా, మీ ఎనకాలే వస్తాది" అన్నాడు. శ్యామలాంబ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. సుందరి కిక్కురుమనకుండా వెనకాలే ఎక్కేసి ఆవిడ భుజం మీద మూతి ఆనించింది. సత్యప్రసాద్ బురద కడుక్కునేలోగా పంటు కదిలిపోయింది.

ఎక్కడ నీళ్ళలోకి దూకేస్తుందోనని శ్యామలాంబ కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి భయంభయంగా తెరిచి చూస్తే ఏముంది? గుర్రం వణకడం లేదు! చెవులు నిక్కబొడుచుకుని, జూలు గాలికొదిలేసి, మహారాణిలా గోదావరిని చూస్తోంది. నడిచే పని లేదాయె, నొప్పి లేదాయె, ఒడ్డే దాని దగ్గరికొస్తోందాయె!

"ఓసినీ సోకు తగలెయ్య! షికారు కావాలటే నీకు?" అంది శ్యామలాంబ. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. పక్కనున్న చేపలావిడ నవ్వింది, చివరికి పంటంతా నవ్వింది. ఆవిడకి అంత సంతోషం కలిగి ఎన్నేళ్ళయిందో!

సఖినేటిపల్లి రేవులో దొరబాబు దూరం నుంచే చూసి, "అబ్బో, ఏం గుర్రమండీ!" అంటూ ఎదురొచ్చాడు. పగ్గం అందుకుని దింపాడు. సుందరి నాలుగడుగులు వేసింది.

"అదేంటండీ, కుంటుతోంది?"

"మావారు చెప్పలేదూ?"

"లేదండి. అయినా పర్లేదండి. పొద్దున్నే ఓ సూదిమందు పొడిపిస్తే నొప్పి తెలీదు, సాయంత్రందాకా పరిగెడతాది. ఓ రెండేళ్ళు లాగించేయొచ్చండి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకోటి చూసుకుంటామండి" అన్నాడు దొరబాబు. సుందరి ఒళ్ళంతా వణుకు మొదలైంది. శ్యామలాంబకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ సూదేదో నువ్వే పొడిపించుకో! పొడిపించుకుని నువ్వే పరిగెత్తు!" అని పగ్గం లాక్కుని, గిరుక్కున తిరిగి అదే పంటు ఎక్కేసింది.

నరసాపురం రేవులో తడిపంచె పిండుకుంటున్న సత్యప్రసాద్, దిగొస్తున్న ఇద్దర్నీ చూసి తెల్లబోయాడు.

"మళ్ళీ తెచ్చేశావేంటి శ్యామలా! ఎక్కడానికి లేదు, నడవడానికి లేదు. దేనికి పనికొస్తుందని దీన్ని మేపుతాం?"

"మిమ్మల్ని చేసుకుని ఇరవయ్యేళ్ళయింది. దేనికి పనికొస్తారని నేనెప్పుడైనా అడిగానా అండీ?"

రేవు రేవంతా గొల్లుమంది. గంగయ్య నవ్వలేక ఇంజను పట్టుకుని కూలబడ్డాడు. సత్యప్రసాద్ దగ్గరికొచ్చి చూశాడు. భార్య నవ్వుతోంది గానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"దొరబాబుకి నిజం చెప్పకపోవడం నా తప్పే" అన్నాడు మెల్లిగా.

"ఇది కుంటుతూనే ఉంటుంది, భయపడుతూనే ఉంటుంది. మనింట్లోనే ఉంటుంది."

"ఉండనీ" అన్నాడు సత్యప్రసాద్. సుందరి కుంటికాలి వైపుకొచ్చి, దానితోపాటు ఆగుతూ, దానితోపాటు అడుగేస్తూ ఇంటిదాకా నడిచాడు.