మూడోసారి అడిగితేనే

పదకొండేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్మాను. మోకాళ్ళు మొరాయించాక, కంపెనీలకి సేల్స్ మనుషుల్ని వెతికిపెట్టే ఈ ఆఫీసులో కుర్చీ దొరికింది. ఆర్నెల్లు ట్రయలు. పర్మనెంటు కావాలంటే డిగ్రీ ఉండాలట. నాది ఇంటర్, అదీ అత్తెసరు మార్కులతో.

జీతంలో సగమే నెలనెలా చేతికొచ్చేది. మిగతా సగం, మనం పెట్టిన మనిషి ఆ కంపెనీలో తొంభై రోజులు నిలబడితేనే. నేను పెట్టిన మొదటి ఇద్దరూ మాటల పుట్టలు. ఇంటర్వ్యూలో నన్నే బుట్టలో వేశారు. ఇరవై రోజులకి ఒకడు, నెలకి ఇంకొకడు చెక్కేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద కాదు, నా మీదే. తలుపు ముఖాన వేసినా మళ్ళీ వచ్చి తట్టేవాడే అమ్మగలడని నాకంటే ఎవరికి తెలుసు? అయినా మాటలకి పడిపోయాను.

"ఇదే ఆఖరు," అన్నాడు మేనేజరు. "ఈసారి మనిషి తొంభై రోజులు నిలబడితే డిగ్రీ సంగతి చూద్దాం. లేదంటే మీ దారి మీరు చూసుకోవాలమ్మా."

పరుపుల కంపెనీకి ఒక మనిషి కావాలి. పదిమంది వచ్చారు. అందరికీ "ఫోన్ చేస్తాం" అని చెప్పి, కావాలనే ఒక్కరికీ చెయ్యలేదు. తొమ్మిదిమంది తిరిగి అడగనేలేదు, ఆ నోళ్ళన్నీ ఏమైపోయాయో! చెప్పుల షాపులో పనిచేసి మానేసినవాడు, ఇంటర్వ్యూలో నాలుగు ముక్కలు కూడా మాట్లాడనివాడు, వాడొక్కడే ఫోన్ చేశాడు. "ఇంకా తేల్లేదు" అన్నాను. మర్నాడు మళ్ళీ చేశాడు. మనసు పీకుతున్నా "కుదరదు బాబూ" అన్నాను. ఆ మర్నాడు పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద కూర్చునున్నాడు.

"నిన్న కుదరదన్నాను కదా?"

"ఇవాళ సంగతి కనుక్కుందామని వచ్చానండి."

అక్కడికక్కడే ఉద్యోగం కాగితం చేతిలో పెట్టాను.

"నోట్లో నాలుక లేనివాణ్ణి సేల్స్‌కి పంపారా?" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

క్యాలెండర్లో ఒక్కో రోజూ కొట్టేస్తూ వచ్చాను. మా ఆయన నా మోకాళ్ళకి నూనె రాస్తూ, "వాడికంటే ముందు నువ్వే పడిపోయేలా ఉన్నావే" అని ఆటపట్టించేవాడు. తొంభయ్యో రోజు పరుపుల కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. అలాంటివాళ్ళు ఇంకో నలుగురు కావాలట! ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

మేనేజరు గదికి కుంటుతూనే వెళ్ళాను. ఆయన కంప్యూటర్లోంచి తలెత్తకుండా, "సంతోషం. పైవాళ్ళతో మాట్లాడి ఫోన్ చేస్తాలెండి" అన్నాడు.

నా మాట నాకే! కోపం నషాళానికంటింది. గది బయటికొచ్చాక మాత్రం నవ్వాగలేదు.

మర్నాడు వెళ్ళి అడిగాను. "ఇంకా తేల్లేదమ్మా." ఆ మర్నాడూ అడిగాను. "రూలు రూలే, కుదరదు." మూడో రోజు ఆయన ఆఫీసు తాళం తియ్యడానికి వచ్చేసరికి గుమ్మం ముందు నేనే.

"నిన్న కుదరదన్నాను కదా?"

"ఇవాళ సంగతి కనుక్కుందామని వచ్చాను సార్."

ఆయన తాళం తీశాడు. "ఆ పరుపులవాణ్ణి ఎలా పట్టారో ఇప్పుడర్థమైంది," అంటూ లోపలికెళ్ళి, కూర్చోకుండానే నా పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు. నేను గెలిచాను! ఆ కాగితం ఇంటికెళ్ళేదాకా చేతిలోనే పట్టుకున్నాను.

పర్మనెంటయ్యాక నాకిచ్చిన మొదటి పని, నాకు తోడుగా ఇంకో మనిషిని వెతకడం. పాత ప్రకటనలో మొదటి లైను 'డిగ్రీ తప్పనిసరి'. దాన్ని కొట్టేశాను. పన్నెండుమంది వచ్చారు. అందరికీ ఫోన్ చేస్తామని చెప్పి, ఇప్పుడు కూర్చుని ఎదురుచూస్తున్నాను.