నోయెల్ దేశబహిష్కరణ

ఇప్పుడు కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో గోడంత టీవీ ఉంది. సోఫాలో ఏ మూల కూర్చున్నా "అక్కణ్ణుంచి లెయ్యరా, వికెట్ పడుద్ది" అనేవాడు లేడు. అందుకే క్రికెట్ చప్పగా ఉంటోంది. న్యూజెర్సీ పార్సిప్పనీలో ఉన్నప్పుడు అలా కాదు. అక్కడ మేం నలుగురం మంచాలు కూడా లేని డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లోంచి భారతదేశాన్ని నడిపేవాళ్ళం.

అది 2011 ఏప్రిల్. చదువులు అయిపోయాయి, ఉద్యోగాలు రాలేదు. ఉద్యోగాలు వెతికిపెట్టే కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్ హౌస్‌లో కరీంనగర్ రఘువీర్, తెనాలి శేషగిరి, బాపట్ల నోయెల్, నేను. ఆ రోజు ప్రపంచకప్ ఫైనల్, మనకీ శ్రీలంకకీ. మన దేశం కప్పు గెలవడం కళ్ళారా చూడాలని నోయెల్ కోరిక. 1983లో గెలిచినప్పుడు వాడింకా పుట్టలేదు. ఆ ఒక్క విషయంలో అమ్మానాన్నల్ని ఇప్పటికీ క్షమించలేదు.

తెల్లవారకముందే లాప్‌టాప్‌లో దొంగ లింక్ పెట్టుకుని పరుపుల మీద కూర్చున్నాం. శ్రీలంకవాడొకడు సెంచరీ కొట్టాడు. గదిలో చావు కబురు విన్నంత నిశ్శబ్దం. అందులో చప్పట్లు వినిపించాయి. నోయెల్!

"ఏందిరా గా చప్పట్లు?" అన్నాడు రఘువీర్.

"సెంచరీ కొట్టాడ్రా. మా నాన్న పీఈటీ మాస్టారు. ఎవడు బాగా ఆడినా చప్పట్లు కొట్టమని నేర్పాడు."

"మీ నాన్న సంగతి గూడ తర్వాత చూస్తం."

వెంటనే కోర్టు పెట్టాం. నేను స్నానం టవల్ భుజాన వేసుకుని జడ్జినయ్యాను. దేశద్రోహం ఐదు సెకన్లలో రుజువైంది. శిక్ష, మన బ్యాటింగ్ మొదలయ్యేదాకా దేశబహిష్కరణ.

"ఆల్రెడీ అమెరికాలో ఉన్నాం కదరా, ఇంకెక్కడికి పంపుతారు?" అన్నాడు నోయెల్.

న్యాయమైన ప్రశ్నే. అందుకే అద్దాల తలుపు దగ్గర మన దేశం అయిపోతుందనీ, అవతల బాల్కనీ విదేశమనీ తీర్పులో చేర్చాను. వాడు పరుపంత మందం కంఫర్టర్ దుప్పటి కప్పుకుని వలస వెళ్ళాడు. ఆ చలికి పార్కింగ్ లాట్‌లో కార్లు ముడుచుకుని సగం సైజుకొచ్చాయి. శేషగిరి తలుపు సందులోంచి ఉప్మా అందించాడు. మానవహక్కులు మాకూ తెలుసు.

మన బ్యాటింగ్ మొదలైంది. నోయెల్ లోపలికొచ్చి ఇలా కూర్చున్నాడో లేదో, అలా మొదటి వికెట్ పడింది. ఎవరూ ఏమీ అనకుండానే లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి బాత్రూమ్ కోసం వచ్చాడు. రెండో వికెట్.

"మామా, నీ అర్జెంటు దేశానికి చాలా కాస్ట్లీగా ఉంది" అన్నాడు శేషగిరి.

శిక్షను యావజ్జీవానికి పెంచాను. తర్వాత మనవాళ్ళు నిలబడ్డారు. నోయెల్ అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. స్కోరు కూడా బాగానే ఎక్కింది. అప్పుడు మూడో వికెట్ పడింది. ఈసారి వాడు బయటే ఉన్నాడు కాబట్టి నిర్దోషి అని విడిచిపెట్టాలి. కానీ మా కోర్టు అంత తేలిగ్గా లొంగేది కాదు.

"తొంగి చూస్తున్నాడు రా వాడు!" అని అరిచాను. "అటు తిరుగు!"

వాడు అటు తిరిగి, పార్కింగ్ లాట్‌ని చూస్తూ కూర్చున్నాడు. గంటల తరబడి. నేనైతే ఎవడి కారు గాలో తీసి ప్రపంచం మీద కక్ష తీర్చుకునేవాణ్ణి.

ఇంకో పది పన్నెండు పరుగులు కావాలనగా రఘువీర్ మనసు కరిగింది. తలుపు జరిపాడు. "రారా నోయెల్, మాఫ్ చేసినం. లాస్ట్‌కన్నా చూద్దువు."

నోయెల్ కనీసం వెనక్కి తిరగలేదు. "వద్దు మామా. నేనొస్తే పోద్ది. తలుపెయ్యి."

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. నేను భుజాన ఉన్న జడ్జి టవల్ తీసి పక్కన పెట్టాను. తలుపు వేశాం.

ఇంకా నాలుగు పరుగులు కావాలి. సరిగ్గా అప్పుడే లింక్ ఆగిపోయింది. స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతోంది. శేషగిరి లాప్‌టాప్‌ని బతిమాలుతున్నాడు, రఘువీర్ దాని వంశాన్ని తిడుతున్నాడు. ఆ గోలలో అద్దాల తలుపు జరిగింది. నోయెల్ లోపలికొచ్చి మా ఎదురుగా, లాప్‌టాప్‌కి వీపు పెట్టి దర్జాగా కూర్చున్నాడు.

"బయటికి పోరా! నీ కాళ్ళు మొక్కుత!" అన్నాడు రఘువీర్.

"పోను."

"ఇంత చేసి ఇప్పుడు ముంచుతావేంట్రా!" నేను వాడి కంఫర్టర్ పట్టుకుని లాగుతున్నాను. కాలరుద్రుడొచ్చినా కదిలేలా లేడు. అంతలో గుండ్రం మాయమైంది. బౌలర్ పరిగెత్తాడు. బంతి ఆకాశంలోకి లేచి జనంలో పడింది.

ఆ తర్వాత కాసేపు ఎవరి మీద ఎవరు పడ్డామో తెలీదు. కింద ఫ్లాట్ వాళ్ళు ఆ తర్వాత మళ్ళీ మాతో మాట్లాడలేదు. కాస్త ఊపిరందాక చూస్తే నోయెల్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెంపల మీద తడి అప్పటికే ఆరిపోయి ఉంది.

"నీకు ముందే తెలుసు కదరా?" అన్నాను.

"టీవీకి డిష్ పెట్టుకున్నోళ్ళకి మన లింక్ కన్నా ముందొచ్చింది. కాంప్లెక్స్‌లో మనోళ్ళంతా ఒక్కసారి గెలిచామని అరిచారు. మీ గోలలో మీకు వినపళ్ళా."

"మరి చెప్పొచ్చుగా! గుండాగి చచ్చేవాళ్ళం."

"చెప్తే మీరు చూడ్డానికి ఏం మిగులుద్ది?" అన్నాడు, చల్లారిన ఉప్మా ప్లేటు దగ్గరికి లాక్కుంటూ. "అందుకే మీ మొహాలు చూస్తా కూర్చున్నా. బంతి ఎటు పోయిందో నేనింకా చూళ్ళేదు మామా."