మావిస్ వదిలి వెళ్ళిన యాభై డొప్పలు

ఏరు పొంగి మావిస్ ఇంటిని పునాది రాళ్ళతో సహా ఎత్తుకుపోయి అప్పటికి మూడేళ్ళు. ఆగస్టు నెలాఖరులో ఎల్డన్‌కి ఒక కార్డు వచ్చింది.

"సెప్టెంబరు పందేనికి వస్తున్నా. నా డొప్పల్లో మందు నింపి పెట్టు. పాత పాళ్ళే. మావిస్."

ఎల్డన్ దాన్ని టపా పెట్టె దగ్గరే నిలబడి చదివాడు. గేటు దగ్గర ఆగి మళ్ళీ చదివాడు. ఉన్నవి రెండు ముక్కలే అయినా ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

మావిస్‌ది పక్క పొలం. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. పదకొండు చలికాలాలు వాళ్ళిద్దరూ ఎల్డన్ షెడ్డులో బల్లకి చెరో పక్క కూర్చుని, కాల్చేసిన తూటాల ఖాళీ డొప్పల్లో మళ్ళీ తుపాకి మందు నింపి తూటాలు తయారు చేసుకున్నారు. అంగట్లో దొరికే తూటా లేడిని కొట్టడానికి చాలు. పందెంలో వెయ్యి గజాల అవతల నిలబెట్టిన అట్ట మీద పళ్ళెమంత చోటు కొట్టడానికి చాలదు. అక్కడికి ప్రతి తూటా దాని ముందుదానికి అచ్చు పోలికలో ఉండాలి. మందు నాలుగు పలుకులు ఎక్కువైతే గుండు పైకి పోతుంది, తక్కువైతే కిందికి దిగుతుంది. తూచడం మావిస్ పని. త్రాసు ముల్లు గీత మీదికొచ్చి నిలిచేదాకా ఆమె ఊపిరి బిగపట్టేది. అవసరం లేకపోయినా ఎల్డన్ కూడా బిగపట్టేవాడు.

ఆమెని అడగవలసిన మాట ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఈ పెట్టె నింపడం అయ్యాక అడుగుదాం అనుకునేవాడు. పెట్టె అయ్యేది. ఇంకో పెట్టె మొదలయ్యేది. ఇంతలో వరద వచ్చింది. ఇల్లు పోయింది. రైఫిలూ రెండు చేతిసంచులూ మిగిలితే వాటితో మావిస్ ఒరెగాన్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు షెడ్డులో ఉన్న తన డొప్పల నీలం డబ్బా చూపించి, "ఇవి నీ దగ్గరే ఉండనీ. వచ్చి తీసుకుంటా" అంది.

యాభై ఇత్తడి డొప్పలు. తుపాకి పేలినప్పుడు ఇత్తడి వేడికి ఉబ్బి, ఆ తుపాకిలో తూటా కూర్చునే గది ఎలా ఉంటే అలా సర్దుకుంటుంది. తర్వాత మూతి ఒక్కటీ బిగించి మళ్ళీ నింపితే, చాలాకాలం తొడిగిన చెప్పు కాలికి పట్టినట్టు ఆ గదిలోనే చక్కగా కూర్చుంటుంది. అందుకే ఆ పక్కల ఎవరి డొప్పలు వాళ్ళవే. ట్రాక్టరు అరువిస్తారు, ఎద్దునిస్తారు, డొప్ప మాత్రం ఇవ్వరు.

ఆమె వెళ్ళిన మొదటి చలికాలం ఆదివారం ఆదివారం ఎల్డన్ ఆ నీలం డబ్బా తీసుకుని మంచులో గుట్ట మీదికి వెళ్ళాడు. తనవి మూడు డబ్బాలు నిండుగా ఉన్నాయి. అయినా మావిస్ డొప్పల్లోనే అంగట్లో దొరికే కొత్త రకం మందు పోసి, తన రైఫిల్లో పెట్టి పేల్చాడు. పేలిన ప్రతి డొప్పనీ చల్లారేదాకా గుప్పిట్లో పట్టుకునేవాడు. గది సంగతి ఆయనకి తట్టలేదు. ఇద్దరి రైఫిళ్ళ గదుల్నీ ఊళ్ళో తుపాకులు బాగుచేసే రోస్కోనే, ఒకే వారంలో, ఒకే కత్తితో తొలిచాడు. "కవలల్రా ఇవి" అని చేతికిచ్చాడు కూడా.

కార్డు వచ్చిన మర్నాటి నుంచి మూడు రోజులు ఎల్డన్ షెడ్డు వదల్లేదు. పాత మందు ఒక్క డబ్బా మిగిలి ఉంది. ఆ రకం ఇప్పుడు చేయడం లేదు. మూడేళ్ళుగా దాని మూత తియ్యలేదు. ఒక్కో డొప్పకీ మూతి బిగించాడు. మందు పలుకు పలుకుగా తూచాడు. గుండు కూర్చోబెట్టి, కొలిచి, నచ్చకపోతే ఊడదీసి మళ్ళీ చేశాడు. డొప్పల ఒళ్ళు మాత్రం ముట్టుకోలేదు. అవి ఆమె గదికి అలవాటైనవి కదా, చెడగొట్టడం ఎందుకనుకున్నాడు.

పందెం నాడు పొద్దున్నే మావిస్ వచ్చింది. చిక్కింది. జుట్టంతా తెల్లబడింది. బండి దిగుతూనే అరిచింది.

"బతికే ఉన్నావన్నమాట!"

"ఆఁ."

"మూడేళ్ళకి ఒక 'ఆఁ'నా! పోన్లే, నయమే. ఇదివరకు తలే ఊపేవాడివి."

పందెం నడిపేది రోస్కోనే. మెడలో గడియారం వేలాడేసుకుని వచ్చి ఆమెని కావిలించుకున్నాడు. "ఏవమ్మా, ఉంటావా నాల్రోజులు?"

"ఎక్కడుంటాను? మధ్యాహ్నమే బయల్దేరాలి. చెల్లెలు మంచంలో ఉంది. పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చా."

ఎల్డన్ విన్నాడు. అంటే అడగడానికి ఉన్నది ఈ ఒక్క పూటే. నీలం డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

మావిస్ చాప మీద బోర్లా పడుకుంది. రోస్కో ఈల వేశాడు. ఆమె తూటా పెట్టి బోల్టు తోసింది. తూటా గదిలో పట్టక బోల్టు పిడి కిందికి దిగలేదు. తీసి ఇంకోటి పెట్టింది. అదీ దిగలేదు. మూడోది తీసి వెలుతురుకి పట్టి, డొప్ప మూతి కింది భుజం మీద బొటనవేలితో రాసి చూసింది.

"ఎల్డన్. వీటిని నీదాంట్లో పేల్చావు."

 ఎల్డన్ చెవులు ఎర్రబడ్డాయి. రోస్కో వంగి చూశాడు.

"కవలలన్నావుగా" అన్నాడు ఎల్డన్.

"కవలలే మరి! కత్తి పదును మీదున్నప్పుడు నీది తొలిచా, అరిగాక ఆవిడది తొలిచా. వెంట్రుకవాసి నీదే పెద్దది."

"వెంట్రుకేగా."

"వెంట్రుక చాల్దేంటయ్యా, బోల్టుకి అడ్డం పడ్డానికి? పదకొండేళ్ళు పక్కపక్కన కూచుని ఒకళ్ళవి ఒకళ్ళు ముట్టుకోలేదే, ఇప్పుడేం పోయేకాలం వచ్చింది?"

పక్క చాపల మీదివాళ్ళు ఇటు తిరిగారు. ఎవరో, "ముసలోడు పరాయి డొప్పలు వాడేశాడ్రోయ్!" అన్నారు. నవ్వులు లేచాయి. మావిస్ నవ్వలేదు.

"నీవి లేవా?"

"ఉన్నాయి."

"మరి?"

ఎల్డన్ గాలి జెండా వైపు చూశాడు. "ఊరికే."

"ఎన్నిసార్లు?"

"చలికాలమంతా."

 మావిస్ ఆ తూటాని చాలాసేపు అరచేతిలో పట్టుకుని ఉంది. నవ్వినవాళ్ళు కూడా ఎందుకో తమ తమ తుపాకుల వైపు తిరిగిపోయారు.

ఎల్డన్ తన రైఫిల్ తెచ్చి ఆమె పక్కన చాప మీద పెట్టాడు. "ఇందులో దిగుతాయి."

"మరి నీ వంతో?"

"వద్దు."

"తుపాకి ఎవరిదై ఉండాలో రూలు పుస్తకంలో లేదులే" అన్నాడు రోస్కో. "కానివ్వు, ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి."

ఈసారి బోల్టు చప్పుడు లేకుండా మూసుకుంది. ఎల్డన్ ఆమె పక్కన పడుకుని దుర్భిణిలోంచి గాలి చూశాడు. "అర గీత ఎడమకి." ఆమె కాల్చింది. "ఆగు. ఇప్పుడు." మళ్ళీ కాల్చింది. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆయన మాట్లాడినంత, ఆ ఏడాదిలో ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ ఎల్డన్ చేతులు పొడుగు, ఆయన తుపాకిని భుజానికి ఆనించే కొయ్యా పొడుగే. మావిస్ మెడ చాచి, భుజం ముందుకు తోసి అందుకుంటోంది. కాల్చిన ప్రతిసారీ తుపాకి కుడికి జారుతోంది.

అట్ట తెచ్చి చూశారు. పది చిల్లులూ ఒకే ఎత్తున, దారం కట్టి పెట్టినట్టు ఉన్నాయి. అడ్డంగా మాత్రం మధ్య నుంచి కుడివైపుకి చెదిరాయి. నాలుగో స్థానం వచ్చింది.

మావిస్ ఆ వరస మీద వేలు పెట్టి లాగింది. "పైకీ లేదు, కిందికీ లేదు. మందు నువ్వే తూచావా?"

"ఆఁ."

"ఇంత బాగా నేను ఎప్పుడూ తూచలేదు."

"తూచావు" అన్నాడు ఎల్డన్.

రోస్కో భార్య పెట్టిన బీన్సు, మొక్కజొన్న రొట్టె తిన్నారు. బండి దాకా ఎల్డన్ ఆమె రైఫిల్ మోసుకెళ్ళాడు. మావిస్ తలుపు తీసి, ఎక్కకుండా నిలబడింది.

"నీ తుపాకి మంచిదేనయ్యా. నాకే పొడుగైంది. ఒక్క అంగుళం తక్కువుంటే అన్నీ మధ్యలోనే పెట్టేదాన్ని."

ఎల్డన్ తల ఊపాడు.

"మావిస్."

"ఊఁ."

గాలి జెండాలు టపటపలాడాయి. ఆమె ఎదురు చూసింది. ఆమె ఎదురు చూస్తోందని ఆయనకి తెలుసు.

"టైర్లలో గాలి చూసుకున్నావా?"

మావిస్ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. "చూసుకున్నా" అంది. నీలం డబ్బా ఆయన చేతుల్లో పెట్టింది. "ఇవి ఇంక నా దాంట్లో దిగవు. ఉంచు. చెల్లెలు లేచి తిరిగితే వచ్చే సెప్టెంబరుకి వస్తా. లేవకపోతే ఎప్పుడో చెప్పలేను."

బండి వంతెన దాటి, గుట్ట ఎక్కి, కనపడకుండా పోయింది. ధూళి అణిగేదాకా ఎల్డన్ అక్కడే ఉన్నాడు. రోస్కో జెండాలు పీక్కుంటూ వచ్చి, "అడిగావా?" అన్నాడు.

"ఏంటి?"

"ఏమో, నాకేం తెలుసు" అని రోస్కో జెండాలు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎల్డన్ షెడ్డు తలుపులు రెండూ బార్లా తీశాడు. రైఫిల్ బోల్టు ఊడదీసి పక్కన పెట్టాడు. కొయ్య చివర రబ్బరు పట్టీ మరలు విప్పి, కొయ్యని బల్ల మీది బిగింపు మరలో గుడ్డ చుట్టి బిగించాడు. చివర నుంచి అంగుళం కొలిచి పెన్సిలుతో గీత గీశాడు. రంపానికి చెక్క చిట్లకుండా గీత మీద టేపు చుట్టాడు. కోశాడు. ముప్ఫై ఏళ్ళ నాటి వాల్‌నట్ కొయ్య. అంగుళం ముక్క నేల మీద పడింది. కోసిన చోట నున్నగా రుద్ది, నూనె పూసి, రబ్బరు పట్టీ మళ్ళీ బిగించాడు.

ఎత్తి భుజానికి ఆనించి చూశాడు. బొటనవేలు ముక్కుకి కొట్టుకుంది. ఇక ఆయన చేతులకి అది పొట్టి. గొట్టం మీద పడిన రంపపు పొట్టు గుడ్డతో తుడిచి, నీలం డబ్బా పైన గోడకి తగిలించాడు.